వాగులో బురద ఎక్కడిది? నాలుగు పాయింట్ల నీటి పరీక్ష, మట్టికోత ఆపే పని: ప్రాజెక్టు డైరీ

ఇంకో వాగు మీద ఇదే పని మొదలుపెట్టేవాళ్ల కోసం రాస్తున్న డైరీ ఇది. కుదిరిన వాటికంటే చెడిపోయిన వాటికే ఇందులో చోటు ఎక్కువ. వాగు చిన్నది. మామూలు రోజుల్లో రెండున్నర మీటర్ల వెడల్పు, మోకాలి లోపు లోతు. ఆరుగురు స్వచ్ఛందంగా పదిహేను రోజులకోసారి కొలతలు తీస్తారు. ప్రశ్న ఒక్కటే: వాన పడగానే నీళ్లు ఎర్రబడుతున్నాయి, ఆ మట్టి ఏ నేల నుంచి కొట్టుకొస్తోంది?

దశ 1: పాయింట్లు ఎంచుకోవడం

పాయింటు 1 అన్నిటికంటే పైన. పాయింటు 2 ఒక కోత గండి (వాన నీళ్లు నేలను కోసి చేసిన లోతైన చాలు) వాగులో కలిసే చోటుకి దిగువన. పాయింటు 3 మట్టి బాట వాగును దాటే చోటుకి దిగువన. పాయింటు 4 ఇంకా కింద, ఒక చిన్న పాయ వచ్చి కలిశాక.

మొదటి మూడు సందర్శనల కొలతలు మొత్తం కొట్టేశాం. కారణాలు రెండు.

ఒకటి, పాయింటు 2ని గండి కలిసే చోటుకి 8 మీటర్ల దూరంలోనే పెట్టాం. పక్క నుంచి వచ్చిన నీరు వెంటనే కలవదు, చాలా దూరం ఒక గట్టునే పట్టుకుని పారుతుంది. అక్కడ ఎడమ గట్టు దగ్గర విద్యుత్ వాహకత (నీటిలో కరిగిన లవణాలు పెరిగేకొద్దీ పెరిగే కొలత) 310 మైక్రోసీమెన్స్, కుడి గట్టు దగ్గర 420 వచ్చింది. ఎక్కడ నిలబడితే అక్కడి అంకె! 60 మీటర్లు కిందికి జరిపాక ఎడమ, మధ్య, కుడి మూడు చోట్లా తేడా 5 శాతం లోపుకి దిగింది.

రెండు, పాయింటు అంటే ఫోన్‌లో మ్యాపు గుర్తు మాత్రమే అనుకున్నాం. చెట్ల కింద ఆ గుర్తు అయిదారు మీటర్లు అటూ ఇటూ అవుతుంది. ఒకరు మడుగులో నీళ్లు తీశారు, మరొకరు రాళ్ల మీద పారే చోట తీశారు. ఇప్పుడు పాటిస్తున్న పద్ధతి ఇది:

1. గట్టు మీద కదలని బండకు రంగు గుర్తు వేయాలి. దాని ఎదురుగా నిలబడి, రెండు గట్లూ కనిపించేలా ఫోటో తీసి ఫారం వెనక అంటించాలి.
2. నమూనా ఎప్పుడూ ప్రవాహం మధ్యలో, లోతులో సగం దగ్గర తీయాలి. మనిషి దిగువన నిలబడి సీసా నోరు ఎగువకు పెట్టాలి. కాళ్లు రేపిన బురద సీసాలో పడకూడదు.
3. సీసాను అదే నీటితో మూడుసార్లు తొలిచి, ఆ నీళ్లు దిగువన పారబోయాలి.
4. ఫారంలో తేదీ, గంట, గాలి ఉష్ణోగ్రత, నీటి ఉష్ణోగ్రత, గత 24 గంటల వాన, స్కేలు మట్టం (వాగులో పాతిన స్కేలు మీద నీటి ఎత్తు), కొలతలు, కొలిచినవారు అన్న గడులు ఉండాలి. కొలవని గడిలో గీత గీయాలి, సున్నా రాయకూడదు.

మొదటి ఫారంలో "నీళ్లు ఎలా ఉన్నాయి" అనే గడి ఉండేది. ఆరుగురూ ఆరు రకాలుగా రాశారు. తీసేశాం.

లెక్క (ప్రతి దశ చివరా మొదటినుంచి కలిపి; ఒక్కో పాయింటు కొలతలు ఒక వరుస): సందర్శనలు 3, వరుసలు 12, ఉంచినవి 0, పని గంటలు 46.

దశ 2: పరికరాలు, వాటి అబద్ధాలు

పారదర్శకత గొట్టం. 60 సెం.మీ. పొడవున్న ప్లాస్టిక్ గొట్టం, అడుగున నలుపు తెలుపు పావులుగా రంగేసిన బిళ్ల, కింద నీళ్లు వదలడానికి క్లిప్పు ఉన్న సన్నపైపు. 1865లో ఇటలీ శాస్త్రవేత్త ఆంజెలో సెక్కి సముద్రంలో తెల్ల బిళ్ల దింపి చూసిన పద్ధతికి ఇది పొట్టి రూపం. గొట్టం నిండా నీళ్లు పోసి, పై నుంచి చూస్తూ బిళ్ల మీది గీతలు కనబడేదాకా వదిలి, మిగిలిన ఎత్తు చదవాలి. వచ్చిన తప్పులు మూడు. ఎండలో చదివితే ఒక లెక్క, నీడలో ఇంకో లెక్క వస్తుంది కాబట్టి సూర్యుడికి వీపు పెట్టి, గొట్టం మీద మన నీడ పడేలా నిలబడాలి. ఆలస్యం చేస్తే ఇసుక అడుగుకు దిగి బిళ్లను కప్పేస్తుంది. అందుకే పోసిన వెంటనే చదవాలి, లేకపోతే గొట్టం తిరగేసి కలపాలి. మూడోది కాగితం మీద జరిగిన తప్పు. నిండా ఉన్నప్పుడే బిళ్ల కనిపిస్తే "60 కంటే ఎక్కువ" అని రాయాలి. మేం 60 అని రాసి సగటు తీశాం. తేట నీళ్ల రోజులన్నీ ఒకే అంకెగా మారి, సగటుకు అర్థం లేకుండా పోయింది. ఇప్పుడు సగటు బదులు మధ్య విలువ (అంకెల్ని వరసలో పెడితే నడుమ వచ్చేది) తీస్తున్నాం.

వాహకత పెన్ను. ప్రమాణ ద్రావణం 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర 1413 మైక్రోసీమెన్స్ చూపాలి. మా పెన్ను రెండో నెలలో 1330 చూపింది. పెన్నులో లోపం లేదు. ప్రతిసారీ తడి పెన్నును నేరుగా ద్రావణం సీసాలోనే ముంచడంతో ద్రావణం పలచబడింది. చిన్న కప్పులోకి కొంచెం వంపుకుని, వాడాక పారబోయాలి, తిరిగి సీసాలో పోయకూడదు. ఇంకోటి: వాహకత ఒక్కో డిగ్రీకి సుమారు 2 శాతం మారుతుంది. పెన్ను తనంతట తాను సర్దుకుంటుంది గానీ, ఎండలో వేడెక్కిన పెన్నుకు నీటి చల్లదనం అందడానికి ఒకటి రెండు నిమిషాలు పడుతుంది. అంకె కదలడం ఆగాకే రాయాలి.

పీహెచ్ మీటరు, అంటే నీటి ఆమ్ల, క్షార గుణం కొలిచేది. బఫరుతో (పీహెచ్ ముందే తెలిసిన ద్రావణం) సరిచూసుకోవాలి: ముందు 7.00 బఫరు, తర్వాత 4.01 లేదా 10.01. 10.01 బఫరు గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుని త్వరగా పాడవుతుంది, తెరిచిన తేదీ సీసా మీద రాయాలి. ఒక ఎలక్ట్రోడును శుభ్రంగా ఉంచుదామని డిస్టిల్డ్ వాటర్‌లో నిల్వ చేశాం. నాలుగు వారాల్లో చచ్చిపోయింది. దాన్ని పొటాషియం క్లోరైడ్ నిల్వ ద్రావణంలోనే ఉంచాలి.

కరిగిన ఆక్సిజన్. 1888లో వింక్లర్ ఇచ్చిన టైట్రేషన్ (రంగు మారేదాకా ద్రావణం చుక్కలుగా వేసి, ఎంత ఖర్చయిందో చూసే) పద్ధతే వాడుతున్నాం.

1. 300 మి.లీ. సీసాను నీటిలో ముంచే నింపి, అక్కడే మూత పెట్టాలి. బుడగ ఉంటే నమూనా వదిలేయాలి.
2. మాంగనస్ సల్ఫేట్ 1 మి.లీ., ఆల్కలీ అయొడైడ్ అజైడ్ 1 మి.లీ. వేసి, మూత పెట్టి తిరగేస్తూ కలపాలి. గోధుమ రంగు మడ్డి పడితే ఆక్సిజన్ ఉంది. తెల్లగానే ఉండిపోతే దాదాపు లేనట్టే.
3. మడ్డి సగానికి దిగాక గాఢ సల్ఫ్యూరిక్ యాసిడ్ 1 మి.లీ. వేయాలి. కళ్లద్దాలు, చేతి తొడుగులు తప్పనిసరి.
4. 201 మి.లీ. కొలిచి 0.025 నార్మల్ సోడియం థయోసల్ఫేట్‌తో టైట్రేట్ చేయాలి. లేత పసుపు దగ్గర స్టార్చ్ చుక్కలు వేసి, నీలం పోయిన చోట ఆపాలి. 1 మి.లీ. ఖర్చయితే లీటరుకు 1 మి.గ్రా. 200 బదులు 201 ఎందుకంటే రసాయనాలు వేసినప్పుడు 2 మి.లీ. నమూనా పొంగిపోయింది.
5. మిగిలిన ద్రావణాలన్నీ డబ్బాలో పోసి వెనక్కి తేవాలి. వాగు గట్టున పారబోయకూడదు.

రసాయనం సరిగ్గానే జరిగింది, తప్పు గడియారంలో ఉంది. ప్రతిసారీ పాయింటు 1తో ఉదయం ఏడింటికి మొదలై, పాయింటు 4 చేరేసరికి పదకొండు అయ్యేది. పైన 6.1, కింద 8.3 మి.గ్రా. కిందికి పోయేకొద్దీ వాగు బాగుపడుతోందని నివేదిక కూడా రాసేశాం. నిజానికి నీటిమొక్కలు, నాచు ఎండలో ఆక్సిజన్ వదులుతాయి, రాత్రంతా వాడుకుంటాయి. తెల్లవారుజామున అది అడుగంటుతుంది, మధ్యాహ్నానికి పెరుగుతుంది. పాయింటు 4ను ఏడింటికి కొలిస్తే 6.0 వచ్చింది. మేం కొలిచింది పొద్దు ఎక్కడమే, వాగు బాగుపడటం కాదు. ఇప్పుడు రెండు జట్లు ఒకేసారి వేరువేరు కొసల నుంచి మొదలవుతాయి, గంటన్నరలో అంతా ముగుస్తుంది.

ఒట్టి అంకెతో పాటు శాతం కూడా రాయాలి. సముద్రమట్టం దగ్గర 25 డిగ్రీల నీరు 8.26 మి.గ్రా. పట్టుకోగలదు, 20 డిగ్రీలకు 9.09, 15 డిగ్రీలకు 10.08. అంటే 25 డిగ్రీల దగ్గర 6.2 వస్తే 75 శాతం. చల్లని రోజు 6.2, వేడి రోజు 6.2 ఒకటి కావు.

లెక్క: సందర్శనలు 9, వరుసలు 36, ఉంచినవి 24, వాటిలో ఆక్సిజన్ అంకె నమ్మదగినవి 8, పని గంటలు 139.

దశ 3: ఎన్ని నీళ్లు పారుతున్నాయి

నీళ్లెన్నో తెలియకుండా బురదెంతో చెప్పలేం. వంపులేని 10 మీటర్ల ముక్క ఎంచుకుని, సగం నీళ్లు నింపిన చిన్న సీసాను వదిలి, అయిదుసార్లు సమయం చూశాం. ఖాళీ సీసా గాలికి కొట్టుకుపోతుంది, పనికిరాదు. పైనీరు అడుగునీటికంటే వేగంగా పోతుంది కాబట్టి వచ్చిన వేగాన్ని 0.85తో గుణించాలి.

ఒక రోజు లెక్క: వెడల్పు 2.4 మీ., సగటు లోతు 0.18 మీ., అంటే 0.432 చదరపు మీటర్లు. 10 మీటర్లకు 26 సెకన్లు, సెకనుకు 0.385 మీ. దాన్ని 0.85తో గుణిస్తే 0.327. మొత్తం సెకనుకు 141 లీటర్లు.

ఆ నీటిలో లీటరుకు 400 మి.గ్రా. మట్టి ఉంటే గంటకు 203 కిలోలు కొట్టుకుపోతున్నట్టు. తేట రోజున 20 లీటర్ల ప్రవాహం, 30 మి.గ్రా. మట్టి అయితే గంటకు 2 కిలోల పైచిలుకు. తేడా 90 రెట్లు దాటింది. పదిహేను రోజులకోసారి తీరిగ్గా వెళ్లి తీసే నమూనాల్లో అసలు సరుకు దొరకదని అప్పుడు గానీ తేలలేదు. ఆ లెక్క చేసిన వారమే వరద సీసాలు (వరదలో వాటంతట అవే నిండేవి, దశ 5 చూడండి) బిగించి ఉండాల్సింది. బిగించలేదు.

లెక్క: సందర్శనలు 11, వరుసలు 44, ఉంచినవి 32, ఆక్సిజన్ నమ్మదగినవి 16, ప్రవాహం కొలిచిన మట్టాలు 5, పని గంటలు 178.

దశ 4: గండిలో రాతికట్టలు (తొందరపడి చేసిన పని)

పాయింటు 2 ఎగువన ఉన్న గండి చూడటానికి భయంకరంగా ఉంటుంది. నిలువునా తెగిన గట్లు, వేలాడే వేళ్లు. బురదంతా దీని పుణ్యమేనని అందరూ అనుకున్నారు. వరద కొలత ఒక్కటీ లేకుండానే, నేల యజమాని అనుమతి తీసుకుని, నీటి వేగం తగ్గించడానికి గండికి అడ్డంగా రాతికట్టలు కట్టే పని మొదలైంది.

వాలు కొలవడానికి నీళ్లు నింపిన పారదర్శక పైపు వాడాం. పైపులో ఒక్క బుడగ ఉన్నా మట్టం తప్పుతుంది. రెండు కొసలూ పక్కపక్కన పెట్టి ఒకే ఎత్తు చూపుతున్నాయో లేదో ముందు చూసుకోవాలి. గండి అడుగు వాలు 8 శాతం వచ్చింది.

మొదట 15 మీటర్లకొకటి చొప్పున మూడు కట్టలు కట్టాం. పైభాగం గోడలా చదునుగా కట్టాం. మొదటి పెద్ద వానకే రెండో కట్ట పక్క నుంచి నీళ్లు గట్టును కోసుకుని పోయాయి. కట్ట చెక్కుచెదరలేదు, దాని పక్కన కొత్త గండి పడింది. కట్ట లేనప్పుడే నయం.

మార్చినవి:

1. దూరం. పై కట్ట పాదం, కింది కట్ట అలుగు ఒకే మట్టంలో ఉండాలి. అలుగు ఎత్తు 0.6 మీ., వాలు 0.08 కాబట్టి 7.5 మీటర్లు. మధ్యలో, కింద కలిపి ఇంకో నాలుగు కట్టాం, మొత్తం ఏడు.
2. అలుగు. కట్ట నడిమి భాగం అంచులకంటే కనీసం 20 సెం.మీ. పల్లంగా ఉండాలి. నీళ్లు మధ్యలోంచే దూకాలి.
3. గట్లలోకి పాతడం. రెండు వైపులా 50 సెం.మీ. లోపలికి తవ్వి రాళ్లు పేర్చాలి. అడుగున 30 సెం.మీ. పునాది.
4. నీళ్లు దూకే చోట రాళ్ల పరుపు. కట్ట ఎత్తుకు ఒకటిన్నర రెట్ల పొడవు, పరుపు పైభాగం గండి అడుగుతో సమానంగా.
5. పెద్ద రాళ్లు బయటి వైపు, చిన్నవి లోపల. గుండ్రటివి దొర్లిపోతాయి, పలకలున్నవే నిలుస్తాయి.

ఇంకో తప్పు చాలా ఆలస్యంగా బయటపడింది. మొదటి మూడు కట్టలకు రాళ్లు దగ్గర్లో ఉన్నాయని పాయింటు 2 దగ్గర వాగులోంచే ఏరాం. అక్కడే మేం వలతో పురుగులు లెక్కిస్తాం. అర మిల్లీమీటరు కన్నాల వలను అడ్డం పెట్టి, ఎగువన ఒక చదరపు మీటరు రాళ్లను రెండు నిమిషాల పాటు కాళ్లతో కదిపి, కొట్టుకొచ్చినవాటిని తెల్ల ట్రేలో పోసి చూస్తాం. మేఫ్లై, స్టోన్‌ఫ్లై, కాడిస్‌ఫ్లై పిల్లలు రాళ్ల సందుల్లో బతుకుతాయి, ఆక్సిజన్ తగ్గినా బురద పేరుకున్నా ముందు పోయేవి అవే. రాళ్లు తీశాక ఈ మూడు రకాలూ కలిపి 41 నుంచి 9కి పడ్డాయి. నీళ్ల అంకెల్లో ఏ మార్పూ లేదు. కాలుష్యం కోసం వెతుకుతూ ఒక నెల పోయింది, చివరికి దోషులం మేమే. అప్పటినుంచి రాళ్లు వాగు బయటినుంచే మోస్తున్నాం.

లెక్క: సందర్శనలు 14, వరుసలు 56, ఉంచినవి 44, కట్టలు 7, తిరగ కట్టినవి 2, పని గంటలు 388.

దశ 5: వరద సీసాలు

మనిషి లేకుండా, నీళ్లు పెరిగేటప్పుడు తనంతట తాను నిండే సీసా ఇది. యూఎస్ యూ-59 పేరుతో చాలాకాలంగా వాడుకలో ఉన్న నమూనా ఆధారంగా చేశాం. ఒక్కో పాయింటుకు మూడు, స్కేలు మీద 20, 40, 60 సెం.మీ. మట్టాల్లో.

1. లీటరు ప్లాస్టిక్ సీసా, రెండు కన్నాలున్న రబ్బరు బిరడా, 6 మి.మీ. లోపలి వ్యాసం ఉన్న రెండు గొట్టాలు.
2. నీళ్లు వచ్చే గొట్టం తిరగేసిన యూ ఆకారంలో వంచాలి. బయటి నోరు ఎగువకు తిరిగి ఉండాలి. నీటి మట్టం ఆ వంపు నెత్తిని దాటగానే సైఫన్ మొదలై సీసా నిండుతుంది.
3. గాలి పోయే గొట్టం వంపు, నీళ్ల గొట్టం వంపు కంటే కనీసం 15 సెం.మీ. ఎత్తులో ఉండాలి. దాని లోపలి కొస బిరడా కింద 3 సెం.మీ. దిగాలి. నీరు ఆ కొసను తాకగానే నిండటం ఆగుతుంది.
4. సీసాలను ఇనుప కడ్డీకి రెండేసి చోట్ల క్లాంపులతో బిగించాలి. కడ్డీ 60 సెం.మీ. భూమిలో ఉండాలి.

మొదటి వరదలో 12 సీసాలకు 2 మాత్రమే పనికొచ్చాయి. మూడు సీసాలు తేలి వంగిపోయాయి. ప్లాస్టిక్ తాళ్లతో కట్టడం వల్ల అలా జరిగింది, క్లాంపులు వచ్చింది ఆ తర్వాతే. నాలుగింటి నోట్లో ఆకులు ఇరుక్కున్నాయి. దానికి నోటి ముందు 10 సెం.మీ. దూరంలో ఒక నిలువు పుల్ల పాతితే చాలావరకు ఆగింది. జల్లెడ గుడ్డ కడితే అదే ఇసుకను ఆపేస్తుంది, కట్టకూడదు.

మిగతా మూడు అసలైన మోసం. సీసాలు నిండుగా, అందంగా ఉన్నాయి, మట్టి మాత్రం నమ్మలేనంత. రెండు గొట్టాల వంపులూ దాదాపు ఒకే ఎత్తులో పెట్టాం. సీసా నిండాక కూడా నీళ్లు ఒక గొట్టంలో వచ్చి ఇంకోదాంట్లోంచి పోతూనే ఉన్నాయి, దారిలో మట్టిని సీసాలో వదిలేస్తూ. గాలి గొట్టం ఎత్తు పెంచితే వంపులో గాలి చిక్కుకుని ఆ దారి మూసుకుపోతుంది. అడుగున అంగుళం మందాన మట్టి కనిపిస్తే సంతోషించకుండా ముందు గొట్టాలు చూడండి.

రెండో వరదలో 7, మూడో వరదలో 11 మంచి సీసాలు. ఇవి నీళ్లు పెరిగేటప్పుడే పడతాయి, తగ్గేటప్పటివి పట్టవు. అందువల్ల మొత్తం మట్టి లెక్కకు పనికిరావు, పాయింట్లను పోల్చడానికి పనికొస్తాయి.

తూకం: సీసా మొత్తం వడపోయాలి. కలిపి సగం వంపితే ఇసుక అడుగునే ఉండిపోయి అంకె తగ్గుతుంది. వడపోత కాగితాన్ని ముందే 105 డిగ్రీల దగ్గర ఆరబెట్టి తూచి, మట్టితో మళ్లీ అలాగే ఆరబెట్టి తూచాలి. ఆరిన కాగితం గాలిలో తేమ పీలుస్తుంది. అందుకని ప్రతి విడతలో ఒక ఖాళీ కాగితాన్నీ వెంట నడిపించి, దాని తేడా తీసేయాలి. 0.01 గ్రాము తూచే త్రాసు సరిపోతుంది.

మూడో వరద, 40 సెం.మీ. మట్టం, లీటరుకు మి.గ్రా.: పాయింటు 1లో 180, పాయింటు 2లో 240, పాయింటు 3లో 910, పాయింటు 4లో 760.

గండి కలిపింది 60. బాట దాటే చోటు కలిపింది 670. గడ్డి మధ్య రెండు చక్రాల చాళ్లు తప్ప ఆ బాటలో చూడటానికి ఏమీ లేదు. వాన పడితే ఆ చాళ్లే 120 మీటర్ల కాలువలై నేరుగా వాగులోకి దిగుతున్నాయి.

గండి అంకె తక్కువగా ఉండటం కట్టల గొప్పా, లేక అది మొదటినుంచీ అంతేనా? కట్టలకు ముందు వరద కొలత లేదు గనక ఈ ప్రశ్నకు ఇక జవాబు రాదు. 210 గంటల పని ఫలితం చూపించే అంకె ఒక్కటీ చేతిలో లేదు. సీసాలు ముందు, గడ్డపార తర్వాత.

లెక్క: వరదలు 3, సీసాలు 36, మంచివి 20, పని గంటలు 470.

దశ 6: బాట మీద అడ్డకాలువలు

బాట వాలు 12 శాతం. ఇలాంటి మట్టిబాటలకు వాడే పట్టికల్లో 10 శాతం వాలుకు సుమారు 24 మీటర్లు, 15 శాతానికి 18 మీటర్లు దూరం ఉంటుంది. మేం 20 మీటర్లకొకటి చొప్పున ఆరు పెట్టాం.

1. బాటకు అడ్డంగా పల్లం తవ్వి, ఆ మట్టిని దిగువ వైపు గుట్టగా పోసి దిమ్మెసతో గట్టిపరచాలి. పల్లం అడుగు నుంచి గుట్ట నెత్తికి, మట్టి కూరుకున్నాక, 30 సెం.మీ. ఉండాలి.
2. కాలువ బాటకు సరిగ్గా లంబంగా కాకుండా 30 డిగ్రీలు ఏటవాలుగా ఉండాలి. లంబంగా తవ్విన మొదటి రెండూ ఒకే వానకు పూడిపోయాయి.
3. నీళ్లు బయటపడే చోట రాళ్లు పరిచి, గడ్డి ఉన్న నేలలోకి మళ్లించాలి. వాగులోకి తిప్పితే పని అంతా వృథా.
4. బాట వాగును దాటే చోట రెండు వైపులా 3 మీటర్లు రాయి పరవాలి.

గట్టు మీద కొమ్మలు కూడా నాటాం. అక్కడ సహజంగా పెరిగే, కొమ్మ పాతితే వేరుపట్టే జాతివి, రెండు మూడు సెం.మీ. మందం, మీటరు పొడవు, మూడింట రెండు వంతులు భూమిలోకి. గట్టు పైవరుసలో నాటినవి ఎండిపోయాయి, నీటి అంచుకు దగ్గరగా ఉన్నవే చిగిర్చాయి. తలకిందులుగా నాటినవీ కొన్ని ఉన్నాయి. నరికేటప్పుడే కింది కొస ఏటవాలుగా, పై కొస చదునుగా కోస్తే ఈ గందరగోళం ఉండదు.

ఒక వాన ఇంకో వానలా ఉండదు కాబట్టి ముందు, తర్వాత అంకెలను నేరుగా పోల్చకూడదు. పాయింటు 3ను పాయింటు 2తో భాగించి చూస్తున్నాం. అడ్డకాలువలకు ముందు 3.8. తర్వాతి మూడు వరదల్లో వరసగా 1.9, 1.4, 2.2.

మూడోసారి ఎందుకు పెరిగిందో వెళ్లి చూస్తే, నాలుగో కాలువ నోరు మట్టితో పూడి, నీళ్లు గుట్ట మీదుగా పొర్లి మళ్లీ పాత చాలులోకే దిగాయి. నోరు 40 సెం.మీ. వెడల్పు చేసి, అడుగు వాలు 3 శాతానికి పెంచాం. ప్రతి పెద్ద వాన మర్నాడు ఆరు నోళ్లూ పారతో తీయడం ఫారంలో కొత్త గడిగా చేర్చాం.

లెక్క: వరదలు 6, సీసాలు 72, మంచివి 52, అడ్డకాలువలు 6, తిరగ తవ్వినవి 3, పని గంటలు 610. పాయింటు 2 దగ్గర మూడు రకాల పురుగులు 9 నుంచి 23కి వచ్చాయి. పన్నెండు సీసాలూ కడిగి మళ్లీ బిగించి ఉన్నాయి.